కదలని గురివింద

ఆ ఎడారికి ధవళమరువు అని పేరు పెట్టినవాడెవడో గాని, దాన్ని దూరం నుంచి చూసి పెట్టి ఉంటాడు. దూరం నుంచి అది పాలసముద్రమే. ఏలాద్రి రాజ్యపు పడమటి పొలిమేర మొదలు ఆకాశం వంగి నేలను తాకే చోటిదాకా తెల్లగా, తళతళలాడుతూ, వజ్రాల పొడి చల్లినట్టు మెరుస్తుంది. కాలు పెట్టినవాడికి మాత్రం అది కాలిన పెనం. అక్కడ గడ్డిపరక లేదు, పిట్ట లేదు, పిట్ట నీడైనా లేదు. ఉన్నదల్లా ఉప్పు.

ఆ పెనం మీద ఆ మధ్యాహ్నం రెండు గాడిదలు ఉప్పు బస్తాలు మోస్తూ నడుస్తున్నాయి. వాటిని తోలుతున్న ఆడమనిషి పేరు చెంగల్వ. చూసినవాళ్లు ఉప్పమ్ముకునే మనిషి అనుకోవాలనే ఆ వేషం. ఏలాద్రి కోటలో మహాబూర నాలుకలను కాపాడే కొలువు ఆమెది. ఆమె వెనక గోనెగుడ్డ తలపాగాతో కాళ్లీడుస్తున్న కూలివాడు సాక్షాత్తు యువరాజు కేసరవర్మ. కూలివాడి బట్టలు మూడు రోజుల కిందటే తొడుక్కున్నాడు గాని, కూలివాడి నడక ఇంకా పట్టుబడలేదు. ఎవరో గొడుగు పట్టి వెంట వస్తున్నట్టే నడుస్తున్నాడు.

వీళ్లకీ పాట్లు ఎందుకు వచ్చాయంటే, ఏలాద్రి కోట కింది గుహలో శిలాదంష్ట్రుడనే కొండంత రాక్షసుడు నిద్రపోతున్నాడు. సూర్యగ్రహణం వచ్చినప్పుడల్లా వాడి నిద్ర పలచబడుతుంది. గ్రహణం పట్టింది మొదలు విడిచేదాకా ఆ గుహలోని మహాబూరను ఒకే స్వరం మీద ఊదుతూ ఉంటేనే వాడు కళ్లు తెరవడు. బూర ఇత్తడిదే గాని, పలికేది ఇత్తడి కాదు. దాని మూతికి కట్టే రెల్లు నాలుక పలుకుతుంది. బెత్తెడు పొడవుంటుంది, కొన దగ్గర ఉల్లిపొరంత పలచన. ఎండితే చీలిపోతుంది, నానితే ఉబ్బి మూగబోతుంది. ఎండకుండా, నానకుండా దాన్ని ఏళ్ల తరబడి కాపాడటం చెంగల్వ వంశపు ఆడవాళ్ల పని, ఊదడం మగవాళ్ల పని.

బాష్పకేతుడనే మాంత్రికుడికి ఈ సంగతి తెలుసు. గాలిలోని తడి వాడి చెప్పుచేతల్లో ఉంటుంది; కావాలంటే పిండేస్తాడు, కావాలంటే నింపేస్తాడు. రాక్షసుణ్ణి లేపి, వాడి భుజమెక్కి రాజ్యాలేలాలని వాడి దురాశ. ఐదు రోజుల కిందట వడగాలై నాలుకల కొట్టులో దూరి, నూటపది నాలుకలనూ ఒక్క జాములో పటపటా చీల్చేశాడు. అప్పటికే చెంగల్వ అన్న బైరన్న గుహలో ఉన్నాడు. ఊదేవాడు తొమ్మిది రోజుల ముందే లోపలికి వెళ్లాలి, తలుపుకు సీసం కరిగించి పోయాలి, అది ఆచారం. అతని దగ్గరున్నది ఒక్కటే నాలుక, దానికీ వెంట్రుకవాసి చీలిక. ధవళమరువుకు అవతలి రెల్లు మడుగుల్లో చెంగల్వ నాయనమ్మ దాచిన పాత నాలుకలు ఐదింటిని తీసుకుని ఇద్దరూ తిరిగి వస్తున్నారు; రేపు మధ్యాహ్నం గ్రహణంలోగా అందించాలి. అందించకపోతే రాక్షసుడు నోట పెట్టుకునే మొదటి ముద్ద బైరన్నే.

"చెంగల్వా, ఒక్క గుక్క నీళ్లు," అన్నాడు యువరాజు.

"లేవు."

"ఆనపబుర్రలో చప్పుడు వినబడుతోందే?"

"అవి తమకు కావు, ఉప్పుకు."

"ఉప్పుకు నీళ్లు పోసి యువరాజును ఎండబెట్టే కొలువు ఈ భూమ్మీద మీదొక్కటే!"

"తమరు ఎండిపోతే ఇంత గంజి పోసి లేపుకోవచ్చు. ఇది ఎండిందంటే బ్రహ్మ దిగొచ్చినా లేవదు," అంటూ ఆమె చంకలోని టేకు భరిణెను ఎత్తి చూసింది.

ఆ భరిణెలో ఐదు నునుపు రాతి పలకలున్నాయి. నాలుకలు వంకర పోకుండా ఒక్కో పలక మీద ఒక్కోటి దారంతో కట్టి ఉంది. అడుగున, చిల్లుల మూత కింద, మట్టి పిడతలో తడి ఉప్పు. తడి ఉప్పు గుణం విచిత్రమైనది. గాలి ఎండితే తన తడి ఇస్తుంది, గాలి నానితే ఎక్కువైన తడిని తాగేస్తుంది. ఉప్పు ఉప్పుగా, తడి తడిగా ఉన్నన్నాళ్లూ భరిణెలో ఒకటే రుతువు. అది సరిగా ఉందో లేదో చెప్పేందుకు మూత లోపల ఒక తలవెంట్రుక, దాని కొసన ఒక గురివింద గింజ వేలాడుతుంటాయి. తడి తగ్గితే వెంట్రుక కురచై గింజ పైకి పోతుంది, తడి పెరిగితే సాగి కిందికి దిగుతుంది. పక్కన గీసిన గీతకు ఎదురుగా గింజ నిలబడితే క్షేమం. మూత తెరవకుండానే చూసుకోవడానికి ముందు వైపు అభ్రకపు కిటికీ ఉంది.

ఆ కిటికీలోంచి చూసిన చెంగల్వ ముఖం పాలిపోయింది. గింజ గీతకు పైన రెండు నూగింజల ఎత్తుకు పోయింది. చూస్తుండగానే ఇంకాస్త పైకి జరిగింది.

"వాడు వచ్చేశాడు," అంది.

దిక్కులన్నీ ఒక్కసారి హోరుమన్నాయి. నేల మీది ఉప్పు సుడి తిరుగుతూ లేచింది. ఆ వడగాలి మొదటి గాడిదను తాకింది. పాపం, ఆ మూగజీవి అరవనైనా అరవలేదు. నిలబడ్డది నిలబడ్డట్టే ఎండి, తోలు ఎముకలకు అంటుకుపోయి, కళ్లు రెండూ ఉప్పు బిళ్లలై రాలాయి. రెండో గాడిద తాడు తెంపుకుని పరుగు తీసింది. కేసరవర్మ ఒక చేత్తో దాని తోక, ఇంకో చేత్తో చెంగల్వ రెక్క పట్టుకుని దాని వెంటే దూకాడు. రాచనడక ఎటు పోయిందో, కూలివాడికన్నా మిన్నగా పరుగెత్తాడు. పరుగెత్తుతూనే చెంగల్వ ఆనపబుర్రలోని నీళ్లన్నీ చుక్క మిగల్చకుండా పిడతలోకి ఒంపి, భరిణెను పొట్టకు అదిమి, దాని మీదికి వంగిపోయింది. వీపు మీద చర్మం పగిలి రక్తం వచ్చింది. ఆమె లెక్కచేయలేదు.

పొద్దు వాలేవేళకు గాలి తెగిపోయింది. ఎదురుగా నల్లగా, తేమగా, కీచురాళ్ల రొదతో ఆవిరివనం. దాని అంచున చిన్న సత్రం, సత్రం గడపలో దీపం వెలిగిస్తున్న ముసలమ్మ. గురివింద మళ్లీ గీత దగ్గరికి దిగింది. చెంగల్వకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

"ఎక్కడి నుంచమ్మా రాక? ఉప్పు బేరమా?" అంది ముసలమ్మ. ఆమె పేరు పేరమ్మట. అడగకుండానే చెంబుతో నీళ్లిచ్చింది, వేడివేడి జొన్నసంకటి పెట్టింది. యువరాజు మూడు ముద్దలు మింగాక గాని తల ఎత్తలేదు.

"ఒరేయ్ గంగా, గాడిదకు మేత వెయ్యి," అని చెంగల్వ వేషానికి తగ్గట్టు గద్దించింది.

"చిత్తం అమ్మగారూ," అంటూ ఏలాద్రి యువరాజు గాడిద ముందు గడ్డి వేశాడు.

పేరమ్మ చెంగల్వ పక్కన చేరి వీపు మీది గాయాలకు పసుపు అద్దింది. "అయ్యో తల్లీ, ఎండకు తలంతా పీచైపోయిందే! కూర్చో, చారెడు నూనె పెడతా."

"వద్దవ్వా. మా ఇంట్లో ఆడాళ్లు తలకు నూనె రాసుకోరు. మొక్కు."

మొక్కని చెప్పింది గాని అసలు కారణం వేరు. భరిణెలో కట్టేది వాళ్ల తలవెంట్రుకే. నూనె పట్టిన వెంట్రుకకు తడీ పొడీ తెలియవు. అందుకే ఆ వంశపు ఆడవాళ్లు పుట్టినప్పటి నుంచి కుంకుడు రసం తప్ప మరొకటి తలకు ఎరగరు.

"మొక్కంటే నేనేమంటానమ్మా! పోనీ, చిక్కయినా తీయనీ," అంది పేరమ్మ.

నూనె వద్దన్నవాళ్లు దువ్వెన వద్దనరు. చెంగల్వ కూడా అనలేదు. మూడు రోజులుగా కునుకు లేని మనిషి, తలలో వేళ్లు పడగానే కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. మొలలోని నల్లటి కొమ్ము దువ్వెనను పేరమ్మ ఎన్ని ఏళ్లుగా నూనెలో నానబెట్టిందో ఆమె చూడలేదు. ముసలమ్మ ఎడమ చెయ్యి భరిణె మూత కిందికి పాకడమూ చూడలేదు.

తెల్లవారుజామున లేచి చూస్తే వెంట్రుక తెగి, గింజ అడుగున పడి ఉంది. నిన్నటి పరుగులో కుదుపులకు తెగిందనుకుంది చెంగల్వ. కొత్త వెంట్రుకను కుంకుడు రసంలో మూడుసార్లు కడిగి ఆరబెట్టి కట్టాలి. ఆ ఆరబెట్టడానికి జాముసేపు పడుతుంది. అవతల గ్రహణం తరుముకొస్తోంది. 'జన్మలో నూనె ఎరగని తల, దీనికి కడుగుడెందుకు?' అనుకుని ఒక వెంట్రుక పీకి, గింజ కట్టి, గీతకు సరిచేసి మూత వేసేసింది. ఇరవై ఏళ్ల కొలువులో ఆమె కడగకుండా కట్టిన వెంట్రుక అదొక్కటే.

ఆవిరివనం మహా అందమైన అడవి, మహా చెడ్డ అడవి. వెదురు పొదల మీద పొగమంచు పట్టుచీరలు ఆరేసినట్టు వేలాడుతోంది. ప్రతి ఆకు కొసనా ఒక ముత్యం, ప్రతి మాను మొదట్లోనూ గొడుగంత కుక్కగొడుగు. పీల్చిన గాలి గొంతులో నీళ్లవుతోంది. కేసరవర్మ బట్టల కింద దాచుకున్న కత్తి ఒరలోనే తుప్పు పట్టింది. నడుస్తున్న కొద్దీ బస్తాల్లోని ఉప్పు బరువెక్కి గాడిద మోకాళ్లు వంగుతున్నాయి.

గురివింద మాత్రం గీత దగ్గరే ఉంది.

"భేష్! ఇంత ఆవిరిలోనూ రవ్వంత కదల్లేదు. నీ చేతి చలవ," అన్నాడు యువరాజు.

చెంగల్వ సంతోషంగా నవ్వింది. రెండు మలుపులు తిరిగాక ఆ నవ్వు తగ్గింది. ఎంత బాగున్న భరిణెలోనైనా గింజ కాస్తో కూస్తో వణుకుతుంది, పసిబిడ్డ నిద్రలో కదిలినట్టు. ఇది వణకడం లేదు. దారికి అడ్డంగా జలపాతం పడుతోంది. దాని తుంపర్లలోంచి దాటి అవతల ఒడ్డెక్కాక మళ్లీ చూసింది. గింజ అక్కడే ఉంది. ఆమె మూత తీసి, వెంట్రుక మీద నోటి ఆవిరి ఊదింది. బతికిన వెంట్రుకైతే గింజ దిగాలి. దిగలేదు. రెండు వేళ్లతో వెంట్రుకను తడిమింది. వేళ్లు జారాయి.

"నూనె," అంది. ఆ ఒక్క మాటే అని నేల మీద కూలబడింది.

పిడత మీది చిల్లుల మూత ఎత్తింది. ఉప్పు లేదు, కంఠం దాకా నీళ్లున్నాయి. ముసలమ్మ నింపిన నీళ్లలో ఉప్పంతా కరిగి, రాత్రంతా, పొద్దుటంతా భరిణె లోపల ముసురు పట్టింది. నాలుగు నాలుకలు ఉబ్బి, అంచుల వెంట తెల్లని బూజు పట్టి కంపు కొడుతున్నాయి. అన్నిటికన్నా పై పలక మీది ఐదోది మాత్రం బూజు పట్టలేదు. పట్టుకుంటే మెత్తగా, తడిసిన తాటాకులా వంగుతోంది.

జలపాతం నవ్వింది. అవును, నీళ్లే నవ్వాయి. తుంపర్లన్నీ ఒక్కచోట గుమిగూడి ముందు పేరమ్మ ముఖం అయ్యాయి, ఆ ముఖం సాగి సాగి తాటిచెట్టంత బాష్పకేతుడయ్యింది. "మొక్కు చెల్లిందా తల్లీ? ఆ ఐదోది కూడా ఇలా ఇవ్వు. మీ అన్నకు చావు తొందరగా వచ్చేలా చూస్తాను."

కేసరవర్మ కత్తి దూసి నడుముకు అడ్డంగా నరికాడు. కత్తి ఆవిరిలోంచి పోయి ఆవిరిలోంచే వచ్చింది. మంచుచేయి ఒకటి అతని ముక్కులోకి, నోట్లోకి దూరింది. ఒడ్డున నిలబడ్డ మనిషి నీట మునిగినవాడిలా గుటకలు వేయసాగాడు.

"కత్తి కాదు యువరాజా, బస్తా! బస్తా కోయండి!" అని అరిచింది చెంగల్వ.

అతను చివరి ఊపిరితో గాడిద మీది బస్తాలను నిలువునా చీల్చాడు. చెంగల్వ దోసిళ్లతో, కొంగుతో, చివరికి బస్తాలకు బస్తాలే ఎత్తి ఆ ఆవిరి మీదికి కుమ్మరించింది. ఇరవై కుంచాల ఉప్పు వాణ్ణి తాగడం మొదలుపెట్టింది. వాడు కెవ్వున అరిచాడు. తాటిచెట్టంత మనిషి వెదురంతయ్యాడు, వెదురంతవాడు రోకలంతయ్యాడు, చివరికి బురదముద్దయి జరజరా పాకి వాగులో పడి కొట్టుకుపోయాడు. చచ్చాడని మాత్రం అనుకోవద్దు. వాగు ఎటు పోతుందో వాడికి తెలుసు, అది ఏలాద్రి కోట కందకంలోకే పోతుంది.

అప్పటికి సూర్యుడు రెండు బారలు పైకెక్కాడు. ఉప్పు గింజ మిగల్లేదు. చేతిలో ఒక్క మెత్తని నాలుక.

"మంట వేస్తాను, చిటికెలో ఆరుతుంది," అంటూ యువరాజు చెకుముకి తీశాడు. చెంగల్వ అతని చేతి మీద ఫెళ్లున కొట్టింది. రాజకుమారుణ్ణి కొట్టానన్న సంగతి ఆమెకు తర్వాత చాలాసేపటికి గాని తట్టలేదు.

"మంటకు చూపిస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుంది. ఊదిన మొదటి ఊపిరికే నిలువునా చీలుతుంది. మెల్లగా ఆరాలి. మీ మూటలో పేలాలున్నాయా?"

ఉన్నాయి. నాలుకను రాతి పలకకు కట్టి, గుడ్డసంచిలో కరకరలాడే పేలాల మధ్య పెట్టింది. పేలాలు తడి లాగి మెత్తబడగానే అవి తీసి కొత్తవి పోయాలి. తీసినవి పారేయడానికి మనసొప్పక యువరాజు తినేవాడు. పరుగెత్తుతూ తిన్నాడు, కొండ దిగుతూ తిన్నాడు. "ఈసారి కాస్త కరకరలాడాయి," అని అతను చెప్పినప్పుడల్లా చెంగల్వ ప్రాణం కాస్త కుదుటపడేది. పాతిక పిడికిళ్ల పేలాలయ్యాక సంచి ఖాళీ అయింది. నాలుక ముప్పాతిక వంతు ఆరింది. ఆ మిగతా పావు వంతుకు పేలాలూ లేవు, పొద్దూ లేదు.

కోట కింద గుహద్వారం దగ్గరికి వాళ్లు చేరేసరికి సూర్యుడి అంచును నీడ కొరికింది. పక్షులు గూళ్లకు మళ్లాయి. గోడలన్నీ రాగి రంగుకు తిరిగాయి. నేల కింద ఏదో బరువైనది ఊపిరి పీల్చి వదులుతోంది, వదిలినప్పుడల్లా తలుపు మీది సీసం చిట్లుతోంది.

చెంగల్వ తలుపులోని చేయిపట్టు కంతలోంచి లోపలికి చూసింది. "అన్నా! తెచ్చాను!"

కంతకు అవతల బైరన్న ముఖం కనబడింది. ఊదబోయిన అతని పెదవిని చీలిన నాలుక రెండుగా కోసేసింది. నోరంతా నెత్తురు, వాచి గుమ్మడికాయంత.

"చెల్లే..." అన్నాడు, అంతకన్నా మాట రాలేదు. ఊదే పెదవి కాదది.

నాలుక వచ్చింది, ఊదేవాడు పోయాడు. కేసరవర్మ "నేను వెళ్తాను" అని ముందుకొచ్చాడు.

"తమకు స్వరం తెలియదు," అంది చెంగల్వ. "ప్రతి నాలుకకూ కూత పెట్టి చూసి గాని పలక మీద కట్టం మేము. ఆ స్వరం నాకు పాలతో పాటు అబ్బింది. సీసం పగలగొట్టండి."

"కాపాడేవాళ్లు ఊదకూడదని..."

"పగలగొట్టండి యువరాజా!"

అతను రాజముద్రిక చూపి కావలివాళ్లను పక్కకు తోసి, గొడ్డలి అందుకుని సీసం చీల్చాడు. గుహలో రాక్షసుడిది కాక ఎప్పుడూ ఒక్క మనిషి ఊపిరే వినబడాలి. రెండు వినబడితే నిద్రలో ఉన్నవాడు లేచి కూర్చుంటాడు. అందుకని చెంగల్వ గట్టిగా ఊపిరి బిగబట్టి గడప దాటింది. అన్న ఆమెను దాటి బయటికి వెళ్తూ తల మీద ఒక్కసారి చెయ్యి వేశాడు. ఆ చేతిని పట్టుకుని ఏడవాలనిపించింది. ఏడవడానికి ఊపిరి కావాలి. అన్న బయటపడ్డాడు, తలుపు మూసుకుంది, అవతల కొత్త సీసం సలసలమంటూ కారింది. అప్పుడు గాని ఆమె ఊపిరి వదల్లేదు.

చీకట్లో తడుముకుని నాలుకను బూర మూతికి కట్టింది. రెండు చేతులా ఎత్తి ఊదింది.

స్వరం వచ్చింది. పెద్దది, నిండైనది, గుహంతా నిండినది. కానీ ఆరని పావు వంతు తడి దాన్ని కిందికి లాగింది. ఉండాల్సిన చోటికి ఒక్క గోరంత కింద పలుకుతోంది. ఎంత బిగించినా ఎక్కడం లేదు.

గుహలో ఆ బరువైన ఊపిరి ఠక్కున ఆగిపోయింది.

"బైరా," అంది ఒక గొంతు, చాలా దగ్గరగా, నిద్రమత్తుగా, ఎంతో ఆప్యాయంగా. "ఇవాళ గొంతు మారిందేం?"

చెంగల్వ ఊదుతూనే ఉంది. బయట సూర్యుడు ఇంకా సగమే మునిగాడు.

"పలకవేంరా?"

పలకాలంటే బూర దించాలి. ఆమె దించలేదు. కళ్ల వెంట నీళ్లు కారుతుండగా ఉన్న ఊపిరంతా ఆ ఒక్క స్వరంలో పోస్తూ నిలబడింది. ఆమె ఎదురుగా గోడ అనుకున్న రాయి మెల్లగా ఇటు ఒత్తిగిలింది.